వాటాకు మించిన ఊపిరి

తపస్కాలం, మొదటి సోమవారం

పుస్తకాల గ్యాలరీ తెరిచాను. నాలుగు దీపాలు వెలుగుతున్నాయి, ఒకటి పోయింది. గోడలకు చెమ్మ లేదు. గాలి మీటరు ముల్లు పచ్చగీత మీదే ఉంది.

షిఫ్ట్ చూసేవాళ్ళు రోజూ ఇంతమటుకు రాసి సంతకం పెట్టాలి. నేనూ ఇన్నాళ్ళు అంతే రాశాను. ఇక మీదట ఎక్కువ రాస్తాను. ఎదురుగా నిలబడి చెప్పమంటే నాకు మాట రాదు. రాయమంటే వస్తుంది.

ఉదయం ఆస్పత్రిలో డాక్టర్ మురహరి గారు నా వెన్ను ఎక్స్‌రేను దీపానికి ఎదురుగా పట్టుకుని చూశారు. ఆయన వెన్నులో ఇనుప కడ్డీ ఉంది. నా వైపు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి.

"డ్రిల్ ఎగ్గొడుతున్నావా హెప్సిబా?"

"లేదండి. రోజూ చేస్తున్నాను."

"చేస్తే రెండు డిస్కులు ఇట్లా ఎందుకు జారతాయి? ఇంకా గట్టిగా చెయ్యి. మట్టల ఆదివారం నిలుపు పరీక్షకు రా. ఆగగలిగితే సరే. లేకపోతే ఆ మర్నాడే కడ్డీ వేసేద్దాం. నొప్పి పీడ విరగడవుతుంది."

ఏదో పన్ను పీకుతానన్నట్టు చెప్పారు. మా ఊళ్ళో పాతికేళ్ళు దాటేసరికి సగం మందికి కడ్డీ పడుతుంది. ఎవరూ వింతగా అనుకోరు.

మంగళవారం

అమ్మ కాళ్ళు కడిగి చెప్పులు తొడిగాను. రోజూ నా మొదటి పని అదే. కడ్డీ మెడలోనే మొదలై తుంటి ఎముకల దగ్గర బిగుస్తుంది. అమ్మ వంగలేదు, నేల మీద కూర్చోలేదు, పక్కకు మెలితిరగలేదు. ఇంట్లో ఆమెకొక ఎత్తు స్టూలు ఉంది. నేను పాకే వయసులో ఉన్నప్పుడు వేశారు. నన్ను నేల మీద నుంచి ఎత్తుకోవడానికి ప్రతిసారీ పక్కింటివాళ్ళను పిలిచేదట.

"ఏయించుకుంటే ఏమైతదే? నేను బతుకుతలేనా?" అంది.

"బతుకుతున్నవమ్మా."

"మరింకేంది? పొద్దున లేస్తనే అబ్బా అనుడు ఉండదు. నీకు గూడ ఓ కడ్డీ పిలగాన్నే చూస్త. ఇద్దరు నిటారుగ నిలబడి ఫొటో దిగుదురు. వంకర అన్నదే ఉండదు."

నవ్వు వచ్చింది. నవ్వితే నడుము చురుక్కుమంది.

"గ్యాలరీలకు పోలేనమ్మా అప్పుడు."

 నాకు ఆ గ్యాలరీ అంటే ఏమిటో అమ్మకు తెలుసు.

పైన ఎండకు మనుషులు తట్టుకోలేక, మా అమ్మమ్మ తరం ఈ పాత బొగ్గు గనిలోకి దిగింది. తెచ్చుకున్న పుస్తకాలను ఊరంతటికీ పొడిగా ఉన్న ఒకే ఒక్క సొరంగంలో, ఈ గ్యాలరీలో, పెట్టారు. ఆ గ్యాలరీ మూతి దగ్గర ఎప్పుడో కప్పు కూలింది. నిలబెట్టిన రెండు దుంగల మధ్య సందులోంచి నడుము మడిచి, పక్కకు మెలితిరిగి, మళ్ళీ వంగి దూరాలి. లోపల కప్పు మూడడుగుల ఎత్తు. పుస్తకం అడిగినవాళ్ళకు మూతి దాకా తెచ్చి అందిస్తాను. కడ్డీ పడిన రోజు నుంచి నేనూ మూతి బయట నిలబడి చేయి చాపాల్సిందే. నాకు ఈ ఊళ్ళో ఇంకేమీ అక్కర్లేదు. ఆ సందులోంచి దూరగలిగితే చాలు.

గురువారం

డ్రిల్. వీధి వీధంతా చాపలు పరిచి బోర్లా పడుకుంటాం. మోచేతుల మీద, కాలి మునివేళ్ళ మీద ఒళ్ళు లేపి పలకలా నిలపాలి. మాస్టారు మధ్యలో తిరుగుతూ అరవకుండా అరుస్తారు. "పొట్ట లోపలికి! ఇంకా లోపలికి! ఊపిరి చిన్నగా!"

ఊపిరి చిన్నగా. ఈ మాట మేము అమ్మ అనే మాటతో పాటే నేర్చుకుంటాం. నలుగురిలో తేన్చినా క్షమిస్తారు గానీ, వినబడేలా ఊపిరి తీస్తే క్షమించరు. గాలి అందరిదీ. ఎవరి వాటా వాళ్ళు ముక్కు కొసన తీసుకుని ఊరుకోవాలి. కాన్వెంటులో ప్రార్థన వేళ ఒక్కొక్కరి ముక్కు కింద దారంతో దూదిపింజ కట్టేవారు. అది కదిలితే వాటాకు మించి పీల్చినట్టు. నా దూది ఎప్పుడూ కదల్లేదు. ఏటేటా బహుమతి నాదే. సిగ్గరి పిల్లలకు అందులో మొదటి నుంచీ కలిసొస్తుంది.

డ్రిల్ పూర్తి కాకముందే చేతులు వణికాయి. లేచేసరికి నొప్పి ఎడమ పిరుదు నుంచి మడమ దాకా తీగలా లాగింది. గోడ పట్టుకుని గ్యాలరీకి వచ్చాను.

రెండో వారం, బుధవారం

ఇవాళ పైకి వెళ్ళాను. జీవితంలో రెండోసారి.

పైన పాడుబడిన బడిలో రెండు పెట్టెల పుస్తకాలు కనబడ్డాయని పై బ్యాచి వాళ్ళు కబురు పంపారు. వాళ్ళు తెల్లవారకముందే పైకి పోయి సోలార్ పలకల మీద దుమ్ము తుడిచి, ఎండ ఎక్కకముందే దిగిపోతారు. ఊళ్ళో వాళ్ళను బుస్సోళ్ళు అంటారు. లిఫ్టులో దిగాక కూడా బుస్సు బుస్సుమని ఊపిరి తీస్తారని. వాళ్ళ పక్కన ఎవరూ కూర్చోరు.

బ్యాచికి పెద్ద ఓదెమ్మక్క. నలభై దాటిన మనిషి. వాళ్ళలో ఎవరికీ కడ్డీ లేదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, కారణమూ అందరికీ తెలుసు. గట్టివాళ్ళనే ఏరి పైకి పంపుతారని డాక్టరు గారు అంటారు. మోటుపనికి ఒళ్ళు మొద్దుబారిందని మా అమ్మ అంటుంది.

"జొన్నరొట్టె పిల్లా, జొన్నరొట్టె," అంది ఓదెమ్మక్క, నేను అడగకుండానే. "మీరు తినేది పుట్టగొడుగుల చారు. ఎన్నుపూసకు బలం యాడికెళ్ళి వస్తది?"

పెట్టె చిన్నదే. వంగి లేపాను. నడుములో ఏదో పట్టేసింది. అట్లాగే మోకాళ్ళ మీద కూలబడ్డాను. అరవలేదు. అరవడం నాకు అలవాటు లేదు.

"ఓ పుస్తకాల పిల్లా, మొకం నీలంగయింది. ఊపిరి బిగబట్టినవేందే?"

"బిగబట్టలేదక్కా. తీస్తున్నాను."

"ఇది తీసుడా? పిట్ట గూడ నీకంటె ఎక్కువ పీలుస్తది. ఈడ ఎవడు లెక్క వెడ్తలేడు. ఆకాశం నిండ గాలే. దమ్ము ఇడువు, దమ్ము తీస్కో."

ప్రయత్నించాను. భుజాలు చెవుల దాకా లేచాయి, కళ్ళు తిరిగాయి. ఓదెమ్మక్క పగలబడి నవ్వింది. మళ్ళీ తీశాను. నొప్పికి రెండు చేతులూ నడుముకు పట్టుకునే ఉన్నాను. నాలుగోసారో ఐదోసారో ఊపిరి పైన ఆగకుండా కిందికి జారింది. పొట్ట ముందుకు వచ్చింది. పక్కలు విచ్చుకున్నాయి. నా అరచేతుల కింద, వెన్నుకు అటూ ఇటూ ఉన్న కండ లోపలి నుంచి నెమ్మదిగా పొంగింది. నొప్పి ఉన్న చోటికి లోపలి వైపు నుంచి ఎవరో చేయి ఆనించినట్టు అనిపించింది.

ఇరవై మూడేళ్ళలో ఆ చోటికి నా ఊపిరి ఎప్పుడూ వెళ్ళలేదు.

మోకాళ్ళ మీద నుంచే పెట్టెను దగ్గరికి లాక్కున్నాను. ఆ నిండుతనం పోకుండా ఉంచుకుని, ఊపిరి మెల్లగా వదులుతూ లేపాను. లేచింది. నేనూ లేచాను.

"చూసినవా?" అంది ఓదెమ్మక్క. "నా రొట్టె వాసనకే బలమొచ్చింది."

శుక్రవారం

రెండు రోజులుగా ఒకటే ఆలోచన. బస్తా నిండా బియ్యం పోసి మూతి కడితే నిలబడుతుంది. సగమే పోస్తే నడుమ దగ్గర కూలుతుంది. మేమందరం సగం పోసిన బస్తాలం. కూలుతున్నామని బయటి నుంచి బిగిస్తున్నాం, పొట్ట ఇంకా లోపలికి పీలుస్తున్నాం. అదీ చాలకపోతే లోపల ఇనుము పెడుతున్నాం.

ఎవరికీ చెప్పలేదు. తప్పయితే నవ్వుతారు. ఒప్పయితే ఇంకా ఎక్కువ నవ్వుతారు.

గ్యాలరీలో వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పొట్ట మీద పెద్ద నిఘంటువు పెట్టుకున్నాను. చాలాసేపు అది కదల్లేదు. కదలకుండా ఉండటంలో నాకున్నంత సాధన ఎవరికుంటుంది! కాన్వెంటు గుర్తొచ్చి కోపం వచ్చింది. కోపం వచ్చాక పుస్తకం లేచింది.

మూడో వారం, మంగళవారం

నేర్చుకున్నవి రాస్తున్నాను. ఇది ఎవరైనా చదివితే పనికొస్తాయి.

తుంటి ఎముకలకు కాస్త లోపల వేళ్ళు ఆనించి చిన్నగా దగ్గితే, వేళ్ళ కింద ఒక కండ బిగుస్తుంది. పొట్ట లోపలికి పీల్చినప్పుడు బిగిసేది అది కాదు. ఇది లోపలిది. ఒంటి చుట్టూ వెడల్పు పట్టీలా ఉంటుంది. ఊపిరి కిందికి దిగినప్పుడు ఈ పట్టీ దాన్ని ఆపుతుంది. రెండూ కలిస్తేనే వెన్ను నిలుస్తుంది. ఒక్కటే పనికిరాదు. వట్టి ఊపిరితో ఏమీ కాదు, వట్టి బిగింపుతోనూ కాదు.

గ్యాలరీలో ఎట్లాగూ చేతులూ మోకాళ్ళ మీదే తిరగాలి. కుడి చేయి ముందుకు చాపి పై అర పుస్తకం అందుకునేటప్పుడు ఎడమ కాలు వెనక్కి చాపుతున్నాను. నడుము ఊగకూడదు. ఊపిరి ఆగకూడదు. మొదట్లో మూడు పుస్తకాలకే వణుకు వచ్చేది. ఇవాళ ఒక అర మొత్తం సర్దాను.

సాయంత్రం అమ్మకు చెప్పులు విప్పాను. గోడ పట్టుకోలేదు.

"ఏందే ఆ చప్పుడు?" అంది.

"ఊపిరమ్మా."

"గంత పెద్దగనా? పక్కింటోళ్ళు వింటరే! బుస్సోళ్ళతోని తిరిగి బుద్ధులు గూడ తెచ్చుకున్నవా?"

"కాలు నొప్పి తగ్గిందమ్మా."

"తగ్గితే తగ్గింది, తలుపు వేసుకొని తగ్గించుకో."

మూడో వారం, శనివారం

గాలి మీటరు ముల్లు వాటాను చూపే ఎర్రగీత దాటింది. మీటరుకు కట్టిన గంట మోగింది. పన్నెండేళ్ళుగా మోగని గంట. దాని మీది మసి రాలి పుస్తకాల మీద పడింది.

గనిలోకి గాలి తోలే ఫ్యాన్ హౌస్ వాళ్ళు వచ్చి చూసి పోయారు. గాలికి కొరతేమీ లేదని వాళ్ళే అన్నారు. కొత్త ఫ్యాన్లు వచ్చినప్పటి నుంచి సగం గాలి ఎవరూ పీల్చకుండానే పైకి పోతోందట. అయినా వాటా వాటాయేనని చెప్పి కాన్వెంటుకు కబురు పంపారు. గ్యాలరీ కాన్వెంటుది. ఊళ్ళో పెళ్ళికానివాళ్ళందరిలాగే నా మీద పెద్దరికం కూడా కాన్వెంటుదే; కడ్డీ వేయాలన్నా కాన్వెంటు సంతకం కావాలి.

నాలుగో వారం, సోమవారం

సిస్టర్ యులేలియా వచ్చారు. మాకు పదేళ్ళు చదువు చెప్పిన మనిషి, ఇప్పుడు కాన్వెంటు పెద్ద. ఎనభై దాటాయి. కడ్డీ వేసి యాభై ఏళ్ళు. మూతి బయట నిటారుగా నిలబడ్డారు. నేను సందులో తల పెట్టి చూశాను. పై నుంచి ఆమె ముఖం, కింది నుంచి నా ముఖం.

"గంట మోగిందటగా. ఎవరినైనా లోపలికి రానిచ్చావా?"

"లేదు సిస్టర్. నేనే."

"నువ్వా?" నమ్మలేదు. "నీ దూది ఎప్పుడూ కదల్లేదే."

చెప్పాను. మాట తడబడింది. బస్తా సంగతి, పట్టీ సంగతి, పెట్టె లేపిన సంగతి. ఆమె మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక ఇట్లా అన్నారు:

"గనిలోకి దిగిన మొదటి ఏడు నాకు తొమ్మిదేళ్ళు. బడి ఉన్న లెవెల్లో ఫ్యాన్ ఆగిపోయింది. తలుపు దగ్గర కప్పు కూలి దారి మూసుకుపోయింది. మా చెల్లి రోజ్‌లిన్ నా పక్కనే ఉంది. అప్పటి మదర్ మా అందరి ముక్కుల కింద దూది పెట్టి, ఇది ఆట, ఎవరి దూది కదలకపోతే వాళ్ళు గెలిచినట్టు అన్నారు. మా చెల్లి చిన్నది. ఆడలేదు. ఏడ్చింది. ఏడ్చినవాళ్ళు ముందు పోయారు హెప్సిబా. నేను గెలిచాను."



"ఇప్పుడు గాలి బాగా ఉంది సిస్టర్."

"అప్పుడూ అట్లాగే అనుకున్నాం." ఆమె మొత్తంగా వెనుదిరిగారు. "మీటరు పచ్చలో ఉండనీ."

ఆ సాయంత్రం దాకా నేను చిన్నగానే పీల్చాను. ఆమె కోసం. ఇల్లు చేరేసరికి ఎడమ కాలు మళ్ళీ లాగడం మొదలైంది.

ఆమె చెల్లెలి కోసం బాధపడగలను. నా వెన్ను ఇవ్వలేను. రేపటి నుంచి మళ్ళీ పెద్దగా పీలుస్తాను. గంట తీగ విప్పేశాను. ఇది కూడా రాసి సంతకం పెడుతున్నాను.

మట్టల ఆదివారం

మా దగ్గర తాటిమట్టలు లేవు. ఆకుపచ్చ కాగితం కత్తిరించి ఊపుతాం. పూజ అయ్యాక అదే హాలులో నిలుపు పరీక్ష. ఊరంతా ఉంటుంది. పరీక్షకు పన్నెండు మందిమి.

చేతులూ మోకాళ్ళ మీద నిలబడాలి. నడుము మీద నీళ్ళు నిండిన స్టీలు గిన్నె పెడతారు. ఎదురుబొదురు చేయి, కాలు చాచి, ఇసుక గడియారం ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ముక్కు కింద దూది ఉంటుంది. నాకు ముందు పదకొండు మంది. ఏడుగురి గిన్నెలు పడ్డాయి. పడ్డ ప్రతిసారీ నర్సు నేల తుడిచి పేరు రాసుకుంది. ఎవరూ ఏడవలేదు. ఏడవడం కూడా గాలి దండగే.

నా వంతు వచ్చింది. గిన్నె చల్లగా తగిలింది. చేయి చాచాను, కాలు చాచాను. మొదట అలవాటుగా ముక్కు కొసనే పీల్చాను. గిన్నెలో నీళ్ళు వణకడం వెన్ను మీద తెలిసింది. అందరూ చూస్తున్నారు. నాకు చెవులు వేడెక్కాయి. తలెత్తకుండా నేల మీది తడి మరకను చూస్తూ, పొట్ట నిండా, పక్కల నిండా, నడుము నిండా పీల్చాను.

హాలంతా వినబడింది. దూది ఎగిరి పోయింది. వెనకెవరో ఛీ అన్నారు. అమ్మ స్టూలు కిర్రుమంది. వదిలాను, మళ్ళీ పీల్చాను. సిగ్గుతో చచ్చిపోతానేమో అనుకున్నాను గానీ, సిగ్గుపడుతూ కూడా నిలబడవచ్చని తెలిసింది. నీళ్ళు వణకడం ఆగింది. ఇసుక అయిపోయింది.

నర్సు గిన్నె తీసి డాక్టరు గారికి చూపించింది. ఒక్క చుక్క ఒలకలేదు.

"దూది పడిపోయింది," అన్నారు డాక్టరు గారు. "చెల్లదు."

"మీరు చూడాల్సింది నా వెన్నును కదండీ," అన్నాను.

ఊరందరి ముందు నేను అన్న మొదటి మాట ఇదే.  హాలు చివరిదాకా వినబడింది.

"వాటాకు మించి పీల్చి ఎవరైనా ఆగుతారు."

"అయితే అందరినీ పీల్చనివ్వండి. ఇంతమందికి ఇనుము పెట్టడం ఎందుకు?"

ఆయన ముఖం ఎర్రబడింది. కడ్డీ ఉన్నవాళ్ళు తల దించుకోలేరు, తల తిప్పుకోలేరు. నన్నే చూస్తూ నిలబడాల్సి వచ్చింది. చివరికి సిస్టర్ యులేలియా వైపు మనిషి మొత్తం తిరిగి, "రేపు ఉదయం స్ట్రెచర్ పంపుతాను. మీ సంతకం కావాలి," అన్నారు.

 సిస్టర్ కళ్ళు దించి నేల మీద పడిన నా దూదినే చూస్తున్నారు. వంగి తీసుకోలేరు.

సోమవారం

ఆరు కాకముందే గ్యాలరీలోకి దూరాను. నీళ్ళ సీసా, అటుకులు, ఈ షిఫ్ట్ పుస్తకం. ఇది షిఫ్టో కాదో తెలియదు. రాస్తున్నాను.

ఏడింటికి స్ట్రెచర్ వచ్చింది. వార్డు బాయిలు ఇద్దరు, డాక్టరు గారు, పాలకసంఘం పెద్దలు ముగ్గురు, డ్రిల్ మాస్టారు. అందరి బూట్లూ సందులోంచి కనబడుతున్నాయి.

"బయటికి రా హెప్సిబా."

"రానండి."

"ఎవరైనా పోయి తీసుకురండి," అన్నారు డాక్టరు గారు.

కాసేపు ఏ బూటూ కదల్లేదు. ఆ తరువాత మాస్టారు, పాపం, ప్రయత్నించారు. సందు దగ్గర పక్కకు ఒరిగి, దుంగకు ఆనుకుని, అట్లాగే ఇరుక్కుపోయారు. బాయిలు ఆయన్ని బీరువాను లాగినట్టు వెనక్కి లాగారు. పెద్దల్లో ఒకాయన, "మీలో కడ్డీ లేనివాడు ఎవడూ లేడట్రా?" అని బాయిలను అడిగారు. లేడు. ఊరి ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళెవరికీ వంగే నడుము లేదు. ఇంతకాలం ఆ అవసరం ఎవరికీ రాలేదు.

చివరికి పై బ్యాచికి కబురు పెట్టారు. ఓదెమ్మక్క వచ్చింది. సందులో పాములా జారి, నా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కప్పు తలకు తగులుతోంది.

"నిన్ను గుంజుకరమ్మన్నరు," అంది.

"గుంజుతావా అక్కా?"

ఆమె చుట్టూ చూసింది. నేను సర్దిన అరలు చూసింది. పిడికెడు అటుకులు నోట్లో వేసుకుంది. తరువాత మూతి వైపు తిరిగి గట్టిగా మూలిగింది.

"అయ్యో డాక్టరు సారూ! నా నడుం పట్టేసింది! లేవస్తలేదు! మీరే వచ్చి లేపాలె!"

బయట ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వు గాలి తింటుంది. ఎవరిదో తెలియలేదు గానీ మా అమ్మ గొంతులా ఉంది. అవును, అమ్మే. ఎప్పుడు వచ్చిందో.

"మూతికి ఇటుకలు కట్టేస్తాం," అన్నారు పెద్దాయన. "ఆకలైతే తనే వస్తుంది."

"కట్టుర్రి," అంది అమ్మ. "నా బిడ్డ లోపలుండంగ కట్టుర్రి, చూస్త."

"సలోమీ, నువ్వు ఊరుకో," అన్నారు పెద్దాయన అమ్మతో.

"ఇరవై రెండేండ్లయింది నాకు కడ్డీ వేసి. ఊకునుడు తప్ప ఏం చేసిన? నిన్న నా బిడ్డ నడుం మీద నీళ్ళు కదల్లే. మీలో ఎవడన్న ఆగిండా అట్ల?"

అప్పుడు మిగతావాళ్ళ బూట్లు పక్కకు జరిగాయి. తెల్ల చెప్పులు వచ్చి సందు ముందు ఆగాయి. సిస్టర్ యులేలియా.

"సిస్టర్, సంతకం," అన్నారు డాక్టరు గారు.

ఆమె ఆయన వైపు తిరగలేదు.  బడిలో చిన్నపిల్లలను అడిగే గొంతుతో అడిగారు:

"హెప్సిబా. ఇద్దరున్నారు లోపల. గాలి చాలుతోందా?"

నేను వాదించడానికి సిద్ధంగా ఉన్నాను. నియమాలకు జవాబులు, డాక్టరు గారికి జవాబులు రాత్రంతా పేర్చుకున్నాను. ఆ ప్రశ్నకు పేర్చుకోలేదు. ఆమె నన్ను పిలిచారో, ఇంకెవరినైనా పిలిచారో కూడా తెలియలేదు.

"చాలుతోంది సిస్టర్. వినండి."

పాకుతూ మూతి దాకా వెళ్ళాను. ఆమె చెప్పులకు జానెడు దూరంలో ముఖం పెట్టి, ఆపుకోకుండా, దాచుకోకుండా పీల్చాను. వదిలాను. నా ఊపిరికి ఆమె అంగీ అంచు కదిలింది.



"ఇంకొకసారి," అన్నారు సిస్టర్.

ఇంకొకసారి పీల్చాను.

"ఇంకొకసారి."

ఎన్నిసార్లు అడిగారో లెక్కపెట్టలేదు. అడిగినన్ని సార్లూ పీల్చాను. ఒకసారి నేను వదిలాక కూడా ఊపిరి చప్పుడు ఆగలేదు. పై నుంచి వస్తోంది. గరగరమని, తుప్పు పట్టిన తలుపు తెరుస్తున్నట్టు, మధ్యమధ్యలో ఆగిపోతూ. ఆ ఛాతీకి అది అలవాటు లేదు. అందులో ఏడుపు కూడా ఉంది. ఆమెను ఆపమని ఎవరూ అనలేదు.

చాలాసేపటికి ఆమె అన్నారు: "డాక్టర్, స్ట్రెచర్ తీసుకెళ్ళండి. నేను సంతకం పెట్టను. నిన్న గిన్నె పడిపోయిన ఏడుగురికీ పెట్టను. వాళ్ళను ఇక్కడికి పంపండి."

"ఇక్కడికా? ఎందుకు?"

"నేర్చుకోవడానికి. మీ నడుములు ఎట్లాగూ వంగవు కాబట్టి, మీరు బయట నిలబడి వినవచ్చు."

బూట్లు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. స్ట్రెచర్‌ను వెనక్కి తిప్పడానికి చోటు చాలక బాయిలు చాలాసేపు తిట్టుకున్నారు.

"ఇక రావే," అంది అమ్మ. "అటుకులు ఒక పూట తిండా?"

"ఇంకా రానమ్మా. ఆ ఏడుగురు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. మళ్ళీ మనసు మార్చుకుంటే?"

"ఎవరు, సిస్టరా?"

"ఎవరైనా."

అమ్మ విసుక్కుంది గానీ వెళ్ళలేదు. ఓదెమ్మక్క నడుముకు ఒక్కసారిగా నయమైంది. మూడో అర గోడ వైపుకు జరిపి, వచ్చే పిల్లలకు చోటు చేద్దామంది. ఏడుగురు పడుకోవాలంటే ఈ నేల చాలదు. ఇప్పుడు అర జరుపుతున్నాం. ఇక రాయడం ఆపుతున్నాను, రెండు చేతులూ కావాలి.